ఒక్కరే చూసుకునే సీ లైబ్రరీకి ఆటోమేటిక్ బిల్డ్, వేర్వేరు ప్లాట్‌ఫాంలపై పరీక్ష: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సెన్సర్లు రాసే బైనరీ లాగ్ ఫైళ్లను చదివి, ముడి విలువలను అసలు కొలతలుగా మార్చి ఇచ్చే చిన్న లైబ్రరీని సీ భాషలో రాశారు. కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉంది. మీ లినక్స్ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అవుతుంది, టెస్టులన్నీ పాసవుతాయి. కానీ విండోస్‌లో కంపైలే కావడం లేదని ఒకరు రాశారు. ఎలాగో కంపైల్ చేసుకున్నా కొన్ని ఫైళ్లు సగంలో ఆగిపోతున్నాయని ఇంకొకరు, కొత్త మ్యాక్‌లో రెండు టెస్టులు చివరి అంకె తేడాతో ఫెయిలవుతున్నాయని మరొకరు రాశారు. ఆ యంత్రాలేవీ మీ దగ్గర లేవు, వారాంతాల్లో తప్ప సమయం లేదు. ఏ సేవ వాడాలి, ఎన్ని ప్లాట్‌ఫాంలు పెట్టాలి, ముందు ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. సేవ గురించి ఎక్కువ ఆలోచించకండి, కోడ్ మారిన ప్రతిసారీ బిల్డ్, టెస్టు నడిపే గిట్‌హబ్ సొంత సేవ గిట్‌హబ్ యాక్షన్స్ చాలు. పబ్లిక్ రిపోజిటరీలకు దాని మామూలు రన్నర్లు (బిల్డ్ నడిపే యంత్రాలు) ఉచితం. లినక్స్, విండోస్, మ్యాక్ మూడూ ఉన్నాయి. ఐదు జాబులతో (ఒక్కో జాబ్ అంటే ఒక యంత్రంలో ఒక కంపైలర్‌తో బిల్డ్, టెస్టు) మొదలుపెట్టండి: ఉబుంటులో జీసీసీ, విండోస్‌లో ఎంఎస్‌వీసీ, ఆర్మ్ మ్యాక్‌లో యాపిల్ క్లాంగ్, లినక్స్‌లోనే క్లాంగ్ శానిటైజర్లతో (నడిచేటప్పుడు మెమరీ తప్పుల్లాంటివి పట్టుకునే తనిఖీలతో) ఒక బిల్డ్, ఆల్పైన్ అనే చిన్న లినక్స్ కంటెయినర్‌లో ఒక బిల్డ్. అయితే వీటికి ముందొక పని, తర్వాతొక పని ఉన్నాయి. ముందు చేయాల్సింది: ఇప్పుడే క్లోన్ చేసిన ఫోల్డర్ నుంచి ఏ యంత్రంలోనైనా అవే ఆదేశాలతో బిల్డ్, టెస్టు పూర్తయ్యేలా చూడటం. తర్వాత చేయాల్సింది: ప్రతి జాబ్‌నూ కావాలని ఒకసారి ఫెయిల్ చేయించడం. ఫెయిలై ఎర్రబడగలదని మీరు కళ్లారా చూడని జాబ్ పాసై పచ్చగా ఉన్నా దాన్ని నమ్మవద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువ నష్టం జరిగింది అక్కడే.

ముందు బిల్డ్, ఆ తర్వాతే సీఐ (ప్రతి మార్పుకూ దానంతటదే బిల్డ్, టెస్టు నడిపే ఏర్పాటు). ఇప్పుడు మీ దగ్గర మేక్‌ఫైల్ ఒక్కటే ఉంది. ఎంఎస్‌వీసీతో బిల్డ్ కావాలంటే ఏ ఓఎస్‌లోనైనా బిల్డ్ నడిపించే సీమేక్ అనే సాధనానికి మారడం మేలు. మీసన్ కూడా మంచిదే, కానీ మీ లైబ్రరీని వాడుకునేవాళ్లలో ఎక్కువమంది సీమేక్‌తోనే వస్తారు. కాన్ఫిగర్, బిల్డ్, సీటెస్ట్ (సీమేక్‌తో వచ్చే, టెస్టులు నడిపే ప్రోగ్రాం): ఈ మూడు ఆదేశాలు మూడు ఆపరేటింగ్ సిస్టంలలోనూ ఒకేలా నడవాలి. ఏ ఫ్లాగులు, ఏ కంపైలర్ అన్న వివరాలు సీమేక్ ప్రీసెట్ల ఫైల్లో పెట్టండి; ఈ సౌకర్యం సీమేక్ 3.19 నుంచి ఉంది. సీఐకి ఏం చేయాలో చెప్పే యామల్ ఫైలు చేయాల్సిందల్లా ఆ ప్రీసెట్‌ను పేరుతో పిలవడమే.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. తర్కమంతా యామల్‌లో రాసేస్తే, సీఐలో ఫెయిలైనదాన్ని ఇంట్లో మళ్లీ రప్పించలేరు. ప్రతి చిన్న ప్రయత్నానికీ కమిట్ చేసి, పుష్ చేసి, రన్నర్ కోసం ఎదురుచూడాలి. పైగా సేవలు శాశ్వతం కావు. ఒకప్పుడు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో అధికభాగం ట్రావిస్ సీఐ మీద నడిచేవి. 2020 చివర్లో అక్కడి ఉచిత వాడకం నియమాలు మారడంతో చాలా ప్రాజెక్టులు వేరేచోటికి వెళ్లాల్సి వచ్చింది. బిల్డ్ వివరాలు తమ స్క్రిప్టుల్లోనే ఉంచుకున్నవాళ్లకు అది ఒక పూట పని. కాన్ఫిగరేషన్ ఫైల్లో వందల పంక్తులు పోగేసుకున్నవాళ్లు అంతా మొదటినుంచి రాసుకోవాల్సి వచ్చింది.

మ్యాట్రిక్స్‌ను (జాబుల పట్టికను) పేర్లతో కాదు, తేడాలతో నింపండి. కొత్తగా పెట్టుకునేవాళ్లు చాలామంది మూడు ఓఎస్‌లు, మూడు కంపైలర్లు, డీబగ్–రిలీజ్, స్టాటిక్–షేర్డ్ అంటూ అన్నిటినీ గుణించేస్తారు. 36 జాబులు వస్తాయి. వాటిలో ముప్పై దాకా మిగతావి చెప్పిందే మళ్లీ చెబుతాయి. లాగులు చదవడం మానేసే రోజు అలాగే వస్తుంది. జాబ్ చేర్చే ముందు ఒకే ప్రశ్న వేసుకోండి: వేరే ఏ జాబ్ పట్టుకోలేని ఏ తప్పును ఇది పట్టుకుంటుంది? జవాబు లేకపోతే చేర్చవద్దు. గుణకారం వదిలేసి, కావలసిన కలయికలను ఒక్కొక్కటిగా ఇంక్లూడ్ జాబితాలో రాయండి.

మీ లైబ్రరీ విషయంలో ఒక్కో జాబ్ ఏం పట్టుకుంటుందో చూద్దాం.

విండోస్ అన్నిటికంటే ఎక్కువ నేర్పుతుంది. కంపైల్ కాకపోవడానికి కారణాలు ఊహించగలను: యూనిస్టడ్ హెడర్, ఎస్‌సైజ్_టి, స్ట్ర్‌కేస్‌కంప్. ఇవి యూనిక్స్ తరహా సిస్టంల ప్రమాణమైన పోసిక్స్‌వి, సీ భాషవి కావు. నడిచేటప్పుడు పొడవు తేలే అర్రేలు వాడి ఉంటే అవీ ఎంఎస్‌వీసీలో లేవు. ఇవి కంపైలరే చెబుతుంది కాబట్టి భయం లేదు. కంపైల్ అయ్యాక నిశ్శబ్దంగా తప్పు చేసేవే అసలు ప్రమాదం. 64 బిట్ లినక్స్‌లో, మ్యాక్‌లో లాంగ్ అంటే 64 బిట్లు; 64 బిట్ విండోస్‌లో 32 బిట్లే. ఎఫ్‌టెల్ తిరిగిచ్చేది లాంగ్, కాబట్టి ఫైలు 2 జీబీ దాటితే అక్కడ ఆఫ్‌సెట్లు పనికిరావు. మీ రికార్డుల ఆఫ్‌సెట్లు లాంగ్‌లో దాచుకుంటున్నట్లయితే ఇప్పుడే ఇంట్64_టికి మార్చండి.

ఫైళ్లు సగంలో ఆగిపోతున్నాయన్న ఫిర్యాదు చూడగానే నాకు తట్టింది ఎఫ్‌ఓపెన్. మీరు దాన్ని "ఆర్" మోడ్‌తో పిలుస్తున్నారేమో చూడండి, "ఆర్‌బీ" కావాలి. లినక్స్‌లో రెండింటికీ తేడా లేదు. విండోస్‌లో మొదటిది టెక్స్ట్ మోడ్: 13, 10 బైట్ల జంటను ఒక్క 10గా మార్చేస్తుంది, 26 అనే బైటు కనబడితే ఫైలు అయిపోయిందనుకుని ఆగిపోతుంది. సెన్సర్ విలువల్లో 26 రావడం మామూలే కాబట్టి కొన్ని ఫైళ్లే ఆగుతాయి, మిగతావి బాగానే చదువుతాయి. మీకు వచ్చిన ఫిర్యాదు సరిగ్గా అలాగే ఉంది. పీఎన్‌జీ బొమ్మల ఫైలు మొదటి ఎనిమిది బైట్లు 137, 80, 78, 71, 13, 10, 26, 10. చివరి నాలుగూ ఊరికే పెట్టినవి కావు. ఫైలు దారిలో ఎక్కడైనా టెక్స్ట్‌గా చెలామణి అయి పాడైతే మొదటి చదువులోనే తెలియాలని పెట్టారు. మీ టెస్టు డేటాలోనూ 13, 10, 26 బైట్లున్న రికార్డు ఒకటి తప్పక ఉంచండి.

ఆ టెస్టు డేటా ఫైళ్ల గురించే ఇంకో మాట. విండోస్ రన్నర్‌లో గిట్ చెకౌట్ చేసేటప్పుడు పంక్తి ముగింపులను మారుస్తుంది. ఫైల్లో సున్నా బైటు లాంటివి కనిపిస్తే దాన్ని బైనరీగా గుర్తించి వదిలేస్తుంది. మీ టెస్టు ఫైళ్లు చిన్నవి, కొన్నిటిలో సున్నా బైటు లేకపోవచ్చు. అప్పుడు 10 అన్న ప్రతిచోటా 13, 10 చేరి, కోడ్‌లో తప్పేమీ లేకుండానే టెస్టు ఫెయిలవుతుంది. గిట్‌అట్రిబ్యూట్స్ ఫైల్లో టెస్టు డేటా ఫోల్డర్ మొత్తాన్ని బైనరీ అని ప్రకటించండి. ఒక్క పంక్తి పని. చేయకపోతే ఒక రోజంతా వెతుకులాట.

షేర్డ్ లైబ్రరీగా ఇస్తున్నట్లయితే ఎక్స్‌పోర్ట్ సంగతీ ఉంది. లినక్స్‌లో స్టాటిక్ కాని ఫంక్షన్లన్నీ బయటికి కనబడతాయి; ఎంఎస్‌వీసీ డీఎల్ఎల్‌లో మీరు చెప్పినవి తప్ప ఏదీ కనబడదు. హెడర్‌లో ఎక్స్‌పోర్ట్ మాక్రో రాసుకుని, లినక్స్ బిల్డ్‌లో కూడా విజిబిలిటీని హిడెన్‌గా పెట్టండి. అప్పుడు మాక్రో మర్చిపోయిన ఫంక్షన్ మీ ల్యాప్‌టాప్‌లోనే లింకర్ తప్పుగా బయటపడుతుంది, విండోస్ దాకా వెళ్లాల్సిన పనిలేదు. నేను ఎప్పుడూ పాటించే పద్ధతి ఇది: దూరపు ప్లాట్‌ఫాంలో బయటపడే తప్పును వీలైతే ఇంటి యంత్రంలోనే బయటపెట్టడం. ఆర్మ్ లినక్స్‌లో చార్ గుర్తు లేనిది, ఎక్స్86లో గుర్తున్నది. దీనికి ఆర్మ్ యంత్రం అక్కర్లేదు. జీసీసీకి ఎఫ్-అన్‌సైన్డ్-చార్ ఫ్లాగ్ ఇచ్చి ఒకసారి టెస్టులు నడిపితే ఆ తేడా మీద ఆధారపడ్డ కోడ్ అక్కడికక్కడే తేలిపోతుంది.

మ్యాక్ ఫిర్యాదు కొంచెం ఆసక్తికరమైనది. మీరు పంపిన కోడ్ పంక్తిలో ముడి విలువను స్కేల్‌తో గుణించి ఆఫ్‌సెట్ కూడుతున్నారు. 64 బిట్ ఆర్మ్‌లో గుణకారం, కూడిక కలిపి ఒకేసారి చేసే ఎఫ్ఎంఏ సూచన ప్రతి ప్రాసెసర్‌లోనూ ఉంటుంది. ఒకే వ్యక్తీకరణలో గుణకారం, కూడిక కనబడితే కంపైలర్ వాటిని కలిపేస్తుంది. కలిపినప్పుడు మధ్యలో రౌండింగ్ ఉండదు, చివర ఒక్కసారే జరుగుతుంది. మామూలు ఎక్స్86-64 బిల్డ్‌లో ఆ సూచన వాడరు కాబట్టి రెండుసార్లు రౌండింగ్ జరుగుతుంది. చివరి బిట్ తేడా అక్కడిది. నిజానికి మ్యాక్ ఇచ్చే జవాబే కాస్త కచ్చితమైనది. కాబట్టి మ్యాక్‌ను తప్పుపట్టకండి, సమానమా కాదా అని డబుల్స్‌ను నేరుగా పోల్చే టెస్టును మార్చండి. సహించదగిన తేడా ఎంతో రాసి పోల్చండి. అన్ని చోట్లా బిట్ బిట్‌కూ ఒకే ఫలితం ఇస్తామని మీ వాడుకరులకు మాటిచ్చి ఉంటే మాత్రం అలా కలపడాన్ని అనుమతించే ఎఫ్‌పీ-కాంట్రాక్ట్‌ను ఆఫ్ చేసి బిల్డ్ చేయాలి. ఏది మాటిచ్చారో మీరే నిర్ణయించుకుని డాక్యుమెంటేషన్‌లో రాయండి.

శానిటైజర్ల జాబ్ మిగతా నాలుగింటితో సమానం. అడ్రస్ శానిటైజర్, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ రెండూ ఒకే బిల్డ్‌లో ఇమిడిపోతాయి. థ్రెడ్ శానిటైజర్ మాత్రం అడ్రస్ శానిటైజర్‌తో కలవదు, దానికి వేరే బిల్డ్ కావాలి. మీకు ఇప్పుడు అవసరం లేదు. బైనరీ ఫైళ్లు చదివే కోడ్‌లో బైట్ పాయింటర్‌ను యూఇంట్32 పాయింటర్‌గా మార్చి చదవడం చాలా సాధారణం. ఎక్స్86లో అది ఎన్నేళ్లయినా పనిచేస్తుంది, అయినా అది చెల్లని కోడే. శానిటైజర్ మొదటిరోజే పట్టుకుంటుంది. అలాంటి చోట్ల మెమ్‌కాపీ వాడండి, లేదా బైట్లను షిఫ్ట్ చేసి కలపండి. షిఫ్ట్ పద్ధతి వల్ల బైట్ల క్రమం సమస్య కూడా తీరిపోతుంది.

ఆల్పైన్ ఎందుకంటే అక్కడ ఉన్న సీ ప్రామాణిక లైబ్రరీ జీలిబ్‌సీ కాదు, మజ్ల్. కంటెయినర్లలో మీ లైబ్రరీని వాడేవాళ్లు ముందో వెనకో అక్కడికి వస్తారు. మజ్ల్‌లో కొత్త థ్రెడ్‌కు డిఫాల్ట్ స్టాక్ 128 కేబీ. జీలిబ్‌సీలో సాధారణంగా 8 ఎంబీ. ఫంక్షన్‌లో పెద్ద బఫర్‌ను స్టాక్ మీద ప్రకటించే అలవాటు ఉంటే ఇక్కడ క్రాష్ అవుతుంది. ఇది లినక్స్ రన్నర్‌లోనే కంటెయినర్‌గా నడుస్తుంది కాబట్టి ఖర్చు చాలా తక్కువ.

బిగ్ ఎండియన్ యంత్రాన్ని (సంఖ్యలో పెద్ద బైటును ముందు దాచేదాన్ని) ఐదింటిలో చేర్చలేదు, కానీ ఫైల్ ఫార్మాట్ చదివే లైబ్రరీకి అది ఉండాలి. వేరే ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఈఎంయూ ద్వారా ఎస్390ఎక్స్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేం) కంటెయినర్‌లో టెస్టులు నడపవచ్చు. ఎమ్యులేషన్ కాబట్టి బాగా నెమ్మది. ప్రతి పుల్ రిక్వెస్టుకూ కాకుండా రాత్రిపూట షెడ్యూల్‌లో పెట్టండి. 32 బిట్ బిల్డ్‌నూ అక్కడే పెట్టవచ్చు. ఫైల్లోంచి చదివిన పొడవులను గుణించేటప్పుడు సైజ్_టి పొంగిపోయే తప్పులు అందులో బయటపడతాయి.

ఇప్పుడు అబద్ధపు పచ్చరంగు గురించి. దీన్ని నేను అన్నిటికంటే తీవ్రంగా తీసుకుంటాను. టెస్టులు లేని ప్రాజెక్టులో జాగ్రత్తగానైనా ఉంటారు. టెస్టులు నడుస్తున్నాయని నమ్మి, నిజానికి నడవని ప్రాజెక్టులో ఎవరూ జాగ్రత్తగా ఉండరు.

ఒక బృందం సీఐని పరిశీలించమని నన్ను పిలిచింది. విండోస్ జాబ్ నెలల తరబడి పచ్చగానే ఉంది. ఎప్పుడూ పాసయ్యే టెస్టు ఒకదాన్ని తిరగేసి, కచ్చితంగా ఫెయిల్ కావాల్సినట్లు మార్చి పుష్ చేయమన్నాను. లినక్స్, మ్యాక్ ఎర్రబడ్డాయి. విండోస్ పచ్చగానే ఉంది. లాగ్ తెరిస్తే టెస్టు ఫెయిలైన సంగతి స్పష్టంగా రాసి ఉంది. కారణం ఇది: ఒకే స్టెప్‌లో మూడు ఆదేశాలు వరుసగా రాశారు — బిల్డ్, సీటెస్ట్, చివర ఫలితాల ఫైలును వేరేచోటికి కాపీ చేసే చిన్న ప్రోగ్రాం. విండోస్ రన్నర్‌లో డిఫాల్ట్ షెల్ పవర్‌షెల్. బయటి ప్రోగ్రాం ఫెయిలైనంత మాత్రాన అది ఆగదు, తర్వాతి పంక్తికి వెళుతుంది; స్టెప్ ఫలితంగా చివరి ప్రోగ్రాం ఎగ్జిట్ కోడ్‌నే తీసుకుంటుంది. కాపీ విజయవంతమైంది కాబట్టి స్టెప్ విజయవంతం. విరుగుడు తేలిక: ఒక్కో ఆదేశాన్ని ఒక్కో స్టెప్‌గా రాయడం, లేదా అన్నిచోట్లా షెల్ బాష్ అని స్పష్టంగా పేర్కొనడం.

బాష్ అని స్పష్టంగా రాయడంలో ఇంకో లాభం ఉంది. లినక్స్‌లో షెల్ పేరు రాయకపోయినా బాషే నడుస్తుంది, కానీ పైపులో ఏ ప్రోగ్రాం ఫెయిలైనా ఫెయిల్‌గా లెక్కించే పైప్‌ఫెయిల్ లేకుండా. టెస్టు అవుట్‌పుట్‌ను తెరపైనా ఫైల్లోనూ రాసే టీ (tee) ప్రోగ్రాంకు పైప్ చేస్తే టెస్టు ఫెయిలైనా టీ ఎగ్జిట్ కోడే గెలుస్తుంది, స్టెప్ పచ్చబడుతుంది. షెల్ బాష్ అని రాస్తే గిట్‌హబ్ పైప్‌ఫెయిల్‌ను కూడా కలిపి నడుపుతుంది.

ఇదే కోవకు చెందినవి మరికొన్ని. మీ టెస్టులు అసర్ట్ మాక్రోతో రాసినవని చెప్పారు. సీమేక్ రిలీజ్ బిల్డ్ ఎన్‌డీబగ్‌ను నిర్వచిస్తుంది. దాంతో అసర్ట్‌లన్నీ మాయమవుతాయి. టెస్టు ప్రోగ్రాం మొదలై, ఏమీ పరీక్షించకుండా, సున్నాతో ముగుస్తుంది. టెస్టుల్లో సొంత చెక్ మాక్రో రాసుకోండి, పది పంక్తులు కూడా ఉండదు. సీటెస్ట్‌కు ఒక్క టెస్టూ దొరకకపోతే డిఫాల్ట్‌గా హెచ్చరించి విజయంగానే ముగుస్తుంది, సీమేక్ 3.12 నుంచి నో-టెస్ట్స్ ఆప్షన్‌కు ఎర్రర్ అనే విలువ ఇవ్వవచ్చు, తప్పక ఇవ్వండి. అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ తప్పు కనబడితే సందేశం ముద్రించి ముందుకు సాగిపోతుంది, ఎగ్జిట్ కోడ్ మారదు. రికవర్ కావద్దని చెప్పే నో-శానిటైజ్-రికవర్ ఫ్లాగ్ లేకుండా ఆ జాబ్‌కు అర్థం లేదు.

అందుకే ప్రతి జాబ్‌నూ ఎర్రబరిచి చూడమన్నాను. ఒక బ్రాంచి తీసి, ఒక టెస్టును తిరగేయండి, ఒకచోట అర్రే హద్దు దాటి చదవండి, ఒక ఫంక్షన్‌కు ఎక్స్‌పోర్ట్ మాక్రో తీసేయండి. ఏ జాబ్ ఏ తప్పుకు ఎర్రబడిందో చూసి బ్రాంచి పారేయండి. సీఐ ఫైలును గణనీయంగా మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి.

లైబ్రరీని లైబ్రరీలాగే పరీక్షించండి. మీ టెస్టులు సోర్స్ ఫోల్డర్‌లో ఉన్న హెడర్లతో, పక్కనే ఉన్న బిల్డ్‌తో నడుస్తాయి. వాడుకరి చేసేది అది కాదు. ఇన్‌స్టాల్ చేసి, తన ప్రాజెక్టులో ఫైండ్ ప్యాకేజ్ రాసి, లింక్ చేసుకుంటాడు. కాబట్టి ప్రతి జాబ్ చివర లైబ్రరీని తాత్కాలిక ఫోల్డర్‌లోకి ఇన్‌స్టాల్ చేసి, రెండు ఫైళ్ల చిన్న ప్రాజెక్టుతో దాన్ని వాడి చూడండి. ఇన్‌స్టాల్ జాబితాలో చేరని హెడర్, ఎక్స్‌పోర్ట్ కాని ఫంక్షన్, మీ యంత్రపు దారులు ఇరికిపోయిన కాన్ఫిగ్ ఫైలు: ఇవన్నీ ఈ ఒక్క స్టెప్‌లో దొరుకుతాయి. యూనిట్ టెస్టులు ఎన్ని రాసినా వీటిని పట్టుకోలేవు. ఆ చిన్న ప్రాజెక్టును సీ++ కంపైలర్‌తోనూ ఒకసారి బిల్డ్ చేయండి, హెడర్‌లో ఎక్స్‌టర్న్ సీ మర్చిపోతే తెలుస్తుంది.

యామల్‌లో తప్పనిసరిగా మార్చాల్సిన డిఫాల్ట్‌లు కొన్ని ఉన్నాయి. ఫెయిల్-ఫాస్ట్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది, ఒక జాబ్ ఫెయిలైతే మిగతావి రద్దవుతాయి. తప్పు విండోస్‌లో మాత్రమేనా, అన్నిచోట్లానా అన్నదే మీకు కావాల్సిన మొదటి సమాచారం కాబట్టి దాన్ని ఆపేయండి. జాబ్ గడువు డిఫాల్ట్‌గా 6 గంటలు. 15 నిమిషాలకు తగ్గించండి, చిక్కుకుపోయిన టెస్టు త్వరగా బయటపడుతుంది. సీటెస్ట్‌కు అవుట్‌పుట్-ఆన్-ఫెయిల్యూర్ ఇవ్వండి. యంత్రం మీ దగ్గర లేనప్పుడు లాగే మీ కళ్లు. ఫెయిలైనప్పుడు టెస్టు పుట్టించిన ఫైళ్లను ఆర్టిఫాక్ట్‌గా అప్‌లోడ్ చేయించుకోండి.

రన్నర్ పేరులో లేటెస్ట్ అని రాస్తే, మీరేమీ మార్చకుండానే ఒకరోజు కింద ఉన్న ఓఎస్, కంపైలర్ మారిపోతాయి. ప్రధాన జాబులకు వెర్షన్ సంఖ్య రాయండి. లేటెస్ట్‌తో వారానికోసారి నడిచే జాబ్ ఒకటి విడిగా ఉంచండి. కొత్త కంపైలర్లు నిజంగానే కోడ్‌ను విరగ్గొడతాయి: 2024లో వచ్చిన జీసీసీ 14, ప్రకటించకుండా ఫంక్షన్‌ను పిలవడాన్ని హెచ్చరిక స్థాయి నుంచి తప్పుగా మార్చింది, 2025లో వచ్చిన సీమేక్ 4.0, 3.5 కంటే పాత వెర్షన్లకు అనుకూలతను తీసేసింది. వీటిని వాడుకరుల కంటే ముందు మీరు చూడాలి. ఇదే కారణంగా హెచ్చరికలను తప్పులుగా పరిగణించే ఫ్లాగ్‌ను సీఐ ప్రీసెట్లలో మాత్రమే పెట్టండి, అందరి బిల్డ్‌లోనూ కాదు. షెడ్యూల్ జాబుల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి: పబ్లిక్ రిపోజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ వాటిని ఆపేస్తుంది.

ఒకసారి ఫెయిలై, మళ్లీ నడిపితే పాసయ్యే టెస్టు వస్తే దానంతటదే మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు మాత్రం పెట్టకండి. మీలాంటి లైబ్రరీలో అది దాదాపు ఎప్పుడూ తాత్కాలిక ఫైళ్ల గొడవే: రెండు టెస్టులు సమాంతరంగా నడుస్తూ ఒకే పేరుతో ఫైలు రాయడం, లేదా తెరిచి ఉంచిన ఫైలును తొలగించబోవడం. తెరిచి ఉన్న ఫైలును తొలగించడానికి లినక్స్ ఒప్పుకుంటుంది, విండోస్ మామూలుగా ఒప్పుకోదు. రెండో రకం అయితే మీ లైబ్రరీలోనే ఎక్కడో ఎఫ్‌క్లోజ్ తప్పిపోయిందని అర్థం.

భద్రత గురించి క్లుప్తంగా. సీఐ టోకెన్‌కు చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. ఇతరులు రాసిన యాక్షన్లను (తయారుగా దొరికే సీఐ స్టెప్పులను) ట్యాగ్ పేరుతో కాకుండా పూర్తి కమిట్ హ్యాష్‌తో వాడండి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్-ఫైల్స్ యాక్షన్‌లోకి చొరబడినవాళ్లు పాత ట్యాగులను హానికర కమిట్ వైపు తిప్పేశారు, హ్యాష్‌తో వాడినవాళ్లకు ఆ మార్పు చేరలేదు. రిలీజ్ ఆర్కైవ్‌ను మీ ల్యాప్‌టాప్‌లో కాకుండా సీఐలోనే, ట్యాగ్ చేసిన కమిట్ నుంచి తయారు చేయండి. 2024లో బయటపడ్డ ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనంలోని వెనకతలుపు ఉదంతంలో, ఆ హానికర కోడ్‌ను బిల్డ్‌లోకి లాగే స్క్రిప్టు గిట్‌లో లేదు, విడుదల చేసిన ఆర్కైవుల్లో మాత్రమే ఉంది. గిట్‌లో ఉన్నదీ, ఆర్కైవ్‌లో ఉన్నదీ ఒకటేనని ఎవరైనా సరిచూసుకోగలగాలి.

మీకున్న సమయానికి వరుస ఇలా పెట్టుకోమంటాను. మొదటి వారాంతం సీమేక్, ప్రీసెట్లు, ఉబుంటు జాబ్, శానిటైజర్ జాబ్. మీ యంత్రంలోనే అన్నీ రప్పించగలరు కాబట్టి ఇవి సులువు, శానిటైజర్ చూపే తప్పులు సరిచేయడానికే సమయం పోతుంది. రెండో వారాంతం విండోస్ ఒక్కటే. సీఐకి పంపే ముందు విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లోనే తయారుచేసే మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64తో క్రాస్ కంపైల్ చేసి, వాటిని లినక్స్‌లోనే నడిపే వైన్‌లో నడిపి చూసుకుంటే చాలా తప్పులు ల్యాప్‌టాప్‌లోనే తీరిపోతాయి, టెక్స్ట్ మోడ్ తప్పుతో సహా. అది ఎంఎస్‌వీసీకి బదులు కాదు. నడిచేటప్పుడు పొడవు తేలే అర్రేలను అది ఒప్పుకుంటుంది, లాంగ్ డబుల్ కూడా రెండింటిలో వేరు. మ్యాక్, ఆల్పైన్, ఇన్‌స్టాల్ చేసి వాడి చూసే స్టెప్ మూడో వారాంతానికి. రాత్రి జాబులు ఆ తర్వాత ఎప్పుడైనా.

ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఇంకో ఓఎస్) కూడా కావాలని ఒకరు అడిగారన్నారు. గిట్‌హబ్‌లో దానికి సొంత రన్నర్ లేదు, లినక్స్ రన్నర్‌లో వర్చువల్ మెషీన్ నడపాలి. వీలవుతుంది, నెమ్మదిగా ఉంటుంది. నేనైతే ఇప్పుడే ఒప్పుకోను. రస్ట్ ప్రాజెక్టు తన ప్లాట్‌ఫాంలను మూడు అంచెలుగా విభజించి, ఏ అంచెకు ఎంత హామీ ఇస్తుందో బహిరంగంగా రాస్తుంది. మీరూ రీడ్‌మీలో అలాగే రాయండి: ప్రతి మార్పుకూ పరీక్షించేవి ఇవి, రాత్రిపూట పరీక్షించేవి ఇవి, ప్యాచ్ పంపితే తీసుకుంటాం కానీ మేం పరీక్షించనివి ఇవి. ఫ్రీబీఎస్‌డీని మూడోదాంట్లో పెట్టి, అడిగినవారికి ఆ పంక్తి చూపించండి. ఆ జాబ్‌ను వారే రాసి, ఫెయిలైనప్పుడు చూసుకుంటామంటే రెండోదాంట్లోకి మార్చవచ్చు.